చెల్లని పెళ్లికి సంగటి లేదు

ఆ రోజుల్లో మా హిందూపురంలో ఆడపిల్ల ఇంటర్ గట్టెక్కిందంటే చుట్టాలకు రెండే సందేహాలు ఉండేవి. ఏం చదివిస్తారు, ఎప్పుడు చేస్తారు. రెండో ప్రశ్నకు ముందు 'పెళ్లి' అనే మాట తగిలించాలని ఎవరికీ తోచేది కాదు. (ఆ రోజులంటే మరీ తాతల కాలం అనుకోకండి. ఫోన్లో నెట్టు అప్పుడే చవకై, అవ్వలు వీడియో కాల్ వస్తే ఫోన్ చెవికి ఆనించి మాట్లాడుతూ మనకు తమ కమ్మలు మాత్రం చూపిస్తున్న రోజులు.) అలాంటి రోజుల్లో నేను లా చదువుతానని పట్టుబట్టాను. న్యాయం కోసం పోరాడాలనే ఆవేశం నాలో ఏదో ఉప్పొంగిందని మా ఇంటర్ మేడమ్ నలుగురికీ చెప్పి మురిసిపోయింది పాపం. అసలు సంగతి నాకూ నా వేళ్లకూ మాత్రమే తెలుసు. డిగ్రీ మూడేళ్లు, ఇంజినీరింగ్ నాలుగేళ్లు, లా ఐదేళ్లు అని వేళ్లు మడిచి చూసుకున్నాను. చదువు అయ్యాకే పెళ్లి అని నాయన మాట ఇచ్చి ఉన్నాడు కాబట్టి, ఎక్కువ కాలం పట్టే చదువే నాకు మంచి చదువు. డాక్టరీ ఇంకా పొడుగే కానీ దానికి మార్కులు కావాలన్నారు.

పెళ్లంటే అంత భయమెందుకంటే, పెళ్లికొడుకు ఎవరో నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు కాబట్టి. ఇక్కడ మా ఇంటి వ్యవహారం కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి. మా అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, పెనుకొండ పక్కన పల్లెలో ఉంటుంది. ఆమె తన కూతురిని తన సొంత తమ్ముడికే ఇచ్చి చేసింది. ఆ తమ్ముడే మా నాయన. కాబట్టి అవ్వ నాకు అమ్మమ్మా అవుతుంది, మేనత్తా అవుతుంది. కోపమొస్తే మేనత్తగా తిట్టి, ఆ వెంటనే అమ్మమ్మగా బువ్వ పెడుతుంది. అమ్మ ఈనాటికీ నాయనను 'మామా' అనే పిలుస్తుంది. ఇక అమ్మకు ఒక తమ్ముడు ఉన్నాడు. బోర్లు వేసే లారీ ఉంది కాబట్టి మా వైపు అంతా ఆయనను బోరు మామ అంటారు. అమ్మ తన మేనమామను చేసుకుంది కాబట్టి నేనూ నా మేనమామను చేసుకోవాలి. సూర్యుడు తూర్పున పుడతాడన్నంత మామూలుగా ఉండేది ఈ మాట మా ఇంట్లో. నేను పెద్దమనిషైనప్పుడు ధర్మవరం పట్టుచీర తెచ్చిందీ ఆయనే, పచ్చాకుల గుడిసె కట్టిందీ ఆయనే. అప్పుడు అందరూ నవ్వుతూ "ఇంగ రసీదు ఇచ్చినట్లేలే" అన్నారు. నేనూ నవ్వాను. పన్నెండేళ్ల పిల్ల ఇంకేం చేస్తుంది?

బోరు మామ మంచివాడు, అదే నా ప్రాణానికి వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఏడ్చి గోల చేసి తప్పించుకునేదాన్ని. నాకంటే పదేళ్లు పెద్ద. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని పెనుకొండ కొండంతా తిప్పాడు. నాకు జలుబు చేస్తే తన తువ్వాలుతో ముక్కు చీదించాడు. బోరు వేసిన ప్రతి ఊరి నుంచీ నాకు ఫోన్ చేసి "పాపా, ఈడ నీళ్లు పడినాయే" అని మొదట నాకే చెప్పేవాడు. నల్లమాడ వైపు ఒకసారి రాయి తప్ప ఏమీ పడనప్పుడు ఆ రైతు కంటే ఎక్కువ ఏడ్చాడని అవ్వ చెప్పేది. అంత మంచివాడే కానీ, నా ముక్కు చీదించిన మనిషిని మొగుడిగా ఊహించుకోవాలంటే నాకు మళ్లీ జలుబు చేసినట్టుండేది.

లాలో రెండో ఏడు నడుస్తుండగా అవ్వకు కళ్లలో శుక్లాలన్నారు, ఆపరేషన్ చేయాలన్నారు. ఆపరేషన్‌కు ముందే పెళ్లి కళ్లారా చూడాలని అవ్వ పట్టు. "ఆపరేషన్ చేసుకుంటే ఇంకా బాగా కనపడుతుంది గదా అవ్వా, అప్పుడు చూద్దువులే" అన్నాను తెలివిగా. "ఆపరేషన్లో ఏమన్నా అయితే? ఇప్పుడు మసగ్గానన్నా చూస్తా" అంది. ఆ వాదనకు జవాబు ఏ లా కాలేజీలోనూ చెప్పరు. నా ఐదేళ్ల పథకం రెండేళ్లకే కూలిపోయింది. "సదువుకోవద్దని ఎవురన్నారు మే? పెండ్లి చేసుకోని ఈడనే కూచోని సదువుకో" అని భరోసా కూడా ఇచ్చింది. పెనుకొండ పక్కన పల్లెలో, బోరు లారీ చప్పుడులో, అత్తగారైన అవ్వకు సంగటి వండిపెడుతూ కూర్చుని నేను చదివే చదువు ఎలా ఉంటుందో నాకు కళ్లకు కట్టింది. ఇష్టం లేదని చెప్పేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. చెప్పాలంటే ఎవరైనా అడగాలి కదా. మా ఇళ్లలో పెళ్లికి ముహూర్తం ఉంటుంది, వక్కాకు ఉంటుంది, మేనమామ చీర ఉంటుంది. అమ్మాయిని అడగడం అనే ఘట్టం మాత్రం లేదు. లేని ఘట్టంలో నేను ఎక్కడ నిలబడి మాట్లాడను?

సరిగ్గా అప్పుడే దేవుడు మా ఫ్యామిలీ లా సార్ రూపంలో వచ్చాడు. ధర్మవరం దాటి ఇంకొంత దూరం పోతే మా యూనివర్సిటీ. హిందూపురం నుంచి రోజూ పాసింజరులో వెళ్లి వచ్చేదాన్ని. ఈ సార్ మహా నిదానస్తుడు. ఒక సెక్షన్‌ను రెండు మూడు రోజులు నమిలి నమిలి మాకు పెట్టేవారు. ఆ మధ్యాహ్నం హిందూ వివాహ చట్టం మొదలుపెట్టారు. "ఫలానా బంధుత్వాల్లో ఉన్నవాళ్లు ఒకరినొకరు పెళ్లి చేసుకోకూడదమ్మా. వాటిని నిషిద్ధ సంబంధాలంటారు. చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు" అని బోర్డు మీద వరుసగా రాస్తూ పోయారు. అన్నాచెల్లెళ్లు అని రాశారు. బానే ఉంది. దాని కింద 'మేనమామ, మేనకోడలు' అని రాశారు. నేను బెంచీ మీదనుంచి లేచాను. "ఏమ్మా, డౌటా?" అన్నారు సార్. "లేదు సార్, రైలు" అన్నాను. నిజంగానే నా రైలుకు టైమైంది. బోర్డును ఫోన్లో ఫోటో తీసుకుని, పరుగెత్తాను. స్టేషన్ దాకా నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఇష్టం లేదని నేను నోరు తెరవక్కర్లేదు. నా తరఫున భారత ప్రభుత్వం చెప్పేసింది!

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం ఒక చిన్న ఆలోచన వచ్చి ఊపిరి ఆడనివ్వలేదు. మేనమామను చేసుకుంటే చెల్లదంటే, మా అమ్మ చేసుకుంది ఎవరిని? వాళ్ల పెళ్లి చెల్లకపోతే మరి నేనెవరిని? ధర్మవరం నుంచి పెనుకొండ వచ్చేదాకా నేను చట్టం కంటికి ఆనని బిడ్డగా బతికాను. (అలాంటి పిల్లలకు చట్టం ఏ లోటూ చేయదని పై నెలలో చదువుకున్నాను. ఆ పూట మాత్రం శనక్కాయల ఆమె పొట్లం చేతిలో పెడుతూ "ఎవురమ్మాయివి?" అని మామూలుగా అడిగితే కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి.) అనుమానం తీర్చుకుందామని ఫోన్లో వెతికాను. 'చెల్లదు' అని మొదటి వరుసలోనే కనిపించింది. ఇంకా కిందికి పోతే ఏం మెలిక పెడుతుందోనని వెంటనే మూసేశాను. కావలసిన జవాబు దొరికాక ఇంకా చదివే అలవాటు పెద్ద పెద్ద లాయర్లకే ఉండదు, నాకెక్కడిది?

మరుసటి రోజు క్లాసుకు పోలేదు. నిశ్చితార్థానికి చీర తీయాలని అందరం ధర్మవరం పోయాం. అవ్వ, అమ్మ, నాయన, బోరు మామ, నేను. ముందు గదిలో అంగడి, వెనక మగ్గాలు ఉన్న ఇల్లు అది. తెల్లటి పరుపు మీద మమ్మల్ని కూర్చోబెట్టి అంగడాయన చీర తర్వాత చీర విప్పి పరుస్తున్నాడు. అవ్వ మసక కళ్లతోనే అంచును వేళ్ల మధ్య నలిపి చూసి జరీ సంగతి చెప్పేస్తోంది. ఒక మామిడిపిందె రంగు చీర తీసి నా భుజం మీద వేశారు. అది చాలా బాగుంది, అందుకే ఆలస్యం చేస్తే నా మనసు మారుతుందని భయపడి గట్టిగా చెప్పేశాను. "ఈ పెండ్లి చెల్లదు."

అందరూ నావైపు చూశారు. నేను లేచి నిలబడి, భుజం మీది పట్టుచీరను నల్లకోటులా సర్దుకుని, "సెక్షన్ ఫైవ్, క్లాజ్ ఫోర్" అని మొదలుపెట్టి నాకు గుర్తున్న ఇంగ్లీషంతా ఒలకబోశాను.

"తెలుగులో చెప్పు పాపా" అన్నాడు నాయన.

"మేనమామను చేసుకోగూడదని గవర్నమెంటు చట్టం చేసింది నాయనా. చేసుకున్నా అది పెండ్లే కాదంట."

"మా ఇంట్లో పెండ్లికి గవర్నమెంటుతో పనేమి?" అంది అవ్వ. "ఆ రేషన్ బియ్యం సక్కంగా ఇచ్చేది చూసుకోమను."

అమ్మ మాత్రం నిదానంగా అడిగింది. "అయితే మాది?"

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ చట్టం ముందు అమ్మైనా అయ్యైనా ఒకటేనన్న ఆవేశంలో ఉన్నాను. "మీదీ చెల్లదు మా" అన్నాను. అవ్వ చేతిలో చీర వదిలేసి, "నాది? నేను మా మేనత్త కొడుకును చేసుకుంటి" అంది. బోర్డు ఫోటో తీసి చూసి, "అన్న పిల్లలూ చెల్లెలు పిల్లలూ కూడా చేసుకోగూడదంట అవ్వా. నీదీ చెల్లదు" అని తీర్పిచ్చాను. "మీ తాత పోయి శానా దినాలాయ. ఇప్పుడు చెల్లకపోతే నాకేమి నష్టం?" అంది అవ్వ. ఈలోగా వెనక గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయింది. నేతాయన తలుపు దగ్గరికొచ్చి "అక్క కూతురైతే ఎట్ల మ్మా?" అని అడిగాడు. చెల్లదన్నాను. అంగడాయన పెళ్లాం కాఫీ గ్లాసులతో వచ్చి, విషయం విని, మొహం విప్పారించుకుని "మాదీ మేనరికమే. అయితే ఇంగ నేను మా అమ్మోళ్లింటికి పోవచ్చునా?" అంది. అంగడాయన నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. "చీర తీసుకుంటారా లేదా, ముందు అది చెప్పండమ్మా" అన్నాడు. ఆ పూట నేను ఆ గదిలో ఉన్న పెళ్లిళ్లన్నీ రద్దు చేసేశాను. ఇప్పుడు కోర్టులో ఒక్కదానికి ఎన్ని వాయిదాలు తిరగాలో తలుచుకుంటే ఆనాటి నా వేగం మీద నాకే గౌరవం కలుగుతుంది.

బోరు మామ విప్పిన చీరల్ని ఒక్కొక్కటే మడతపెడుతూ కూర్చున్నాడు. చివరికి "అయితే నేనిన్నాళ్లూ నిన్ను దొంగచూపు చూసినట్లా?" అని మాత్రం అన్నాడు. లేచి బయటికి వెళ్లి, అందరికీ సోడాలు తెచ్చాడు. అందరికీ చేతికిచ్చి, నాది మాత్రం పక్కన పెట్టి పోయాడు. నాకది గుచ్చుకుంది. అయినా గెలిచినవాళ్లకు ఇలాంటివి తప్పవని సర్దిచెప్పుకుని ఆ సోడా తాగేశాను. చీర తీయకుండానే ఇంటికొచ్చాం.

మర్నాడు మధ్యాహ్నం నాయన మార్కెట్ నుంచి (హిందూపురం మార్కెట్లో ఆయనది చింతపండు వ్యాపారం) ఆకలిగా వచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అమ్మ టీవీ ముందునుంచి కదల్లేదు.

"సంగటి యాడ?" అన్నాడు నాయన.

"చెల్లదంట గదా మామా. ఇంగ నేను ఎవురికని కెలకల్ల?"

"ఇన్నేండ్లూ కెలికినావు గదా!"

"తెలీక కెలికితి."

మొదట తమాషా అనుకున్నాడు. అమ్మ నాకు అన్నం పెట్టి, తాను తిని, గిన్నెలు కడిగి బోర్లించింది. "నువ్వు నా కడుపున పుట్టినావు. నీకు పెట్టేదానికి ఏ చట్టంతోనూ పన్లేదు" అని నాకు వివరం కూడా చెప్పింది. నాయన స్టేషన్ దగ్గర హోటల్లో ఇడ్లీ తిని వచ్చాడు. మరుసటి రోజూ అదే, ఆ మరుసటి రోజూ అదే. అమ్మ మొహంలో నేను అంతకుముందెప్పుడూ చూడని ఒక తీరిక కనిపించింది. మధ్యాహ్నం పూట కాలు మీద కాలు వేసుకుని కూర్చునేది. పక్కింటామె ఆరిన బట్టలు మడతపెడుతూ ఏమైందని అడిగితే "మాది రద్దయింది" అని చెప్పి ఇద్దరూ నవ్వుకునేవారు. రాగి సంగటి లేక నాయన చిక్కిపోతున్నాడు. చట్టానికి ఇంత శక్తి ఉంటుందని నాకే తెలియదు. కడకు ఒక ఉదయం నాయన తెల్లచొక్కా వేసుకుని, చింతపండు నింపిన సంచి చంకన పెట్టుకుని, "మీ సారు యాడ ఉంటాడు? పద" అన్నాడు.

దారి పొడుగునా వద్దని బతిమాలినా వినలేదు. సరాసరి క్లాసులోకే వచ్చాడు. సార్ పాఠం ఆపి, "మీరెవరండీ?" అన్నారు.

"నేను చెల్లని మొగుణ్ని సార్" అన్నాడు నాయన.

క్లాసు గొల్లుమంది. నేను బెంచీ కింద ఏదో పడిపోయినట్టు వంగిపోయాను. నాయన మాత్రం సంచి టేబుల్ మీద పెట్టి, ధర్మవరం అంగడి దగ్గర మొదలుపెట్టి స్టేషన్ ఇడ్లీ దాకా ఏదీ వదలకుండా చెప్పాడు. సార్ అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, నన్ను లేపారు. "ఆచారం అనుమతిస్తే ఆ నిషేధం వర్తించదని అదే క్లాజులో ఉంది కదమ్మా. మన దక్షిణాదిలో ఈ ఆచారం ఉండబట్టే కదా ఆ మాట మనకు ఇంత ముఖ్యం. నువ్వు వినలేదా?"

"రైలు సార్" అన్నాను.

"మర్నాడు ఒక గంటసేపు ఆ ఆచారం గురించే చెప్పానే?"

"చీర సార్."

సార్ నన్ను కూర్చోమని, నాయనను బోర్డు దగ్గరికి పిలిచారు. "ఆచారం ఉందని ఊరికే అంటే చాలదండీ. చాలా కాలం నుంచి, మధ్యలో తెగకుండా, అందరూ పాటిస్తూ ఉండాలి. మీరు చెప్పగలరా?" అన్నారు. అంతే, నాయన గొంతు సవరించుకున్నాడు. తన పెళ్లితో మొదలుపెట్టి, తన నాయనది, ఆయన నాయనది, గాండ్లపెంట చిన్నాయన వాళ్లది, అమరాపురంలో కన్నడం మాట్లాడే అత్త వాళ్లది, ఎవరు ఎవరి అక్క కూతుర్ని చేసుకున్నదీ చెప్పుకుంటూ పోయాడు. సార్ బోర్డు మీద గీతలు గీస్తూ పోయారు. మిగతావాళ్ల వంశవృక్షాలు కొమ్మలు వేసుకుని పైకి పోతాయి. మాది జిలేబీ చుట్ట తిరిగినట్టు తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చింది. సార్ సుద్దముక్క పక్కన పెట్టి, "ఆచారం అంటే ఏమిటో రేపు పరీక్షలో అడిగితే ఈ పెద్దాయనను తలుచుకుని రాయండి" అన్నారు. నాయన వైపు తిరిగి "మీ పెళ్లి నిక్షేపంగా చెల్లుతుందండీ" అన్నారు. నా తోటివాళ్లు చప్పట్లు కొట్టారు. నాయన పెళ్లినాడు కూడా అంత సంతోషపడి ఉండడు. నేనూ నవ్వుతూనే చప్పట్లు మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను. ఆయనది చెల్లితే నాదీ చెల్లుతుంది. నా తరఫున మాట్లాడిన భారత ప్రభుత్వం ఒక్క ముక్క చెప్పి మెల్లగా తప్పుకుంది.

సాయంత్రం పాసింజరులో నాయన మంచి హుషారుగా ఉన్నాడు. ధర్మవరంలో బండి ఆగినప్పుడు కిటికీలోంచి ఊరివైపు చూసి, "ఆ మామిడిపిందె రంగు చీర ఇంకా ఉండాదో లేదో. రేపు పోయి తెచ్చుకుందామా?" అన్నాడు. నేను ఏడ్చేశాను. మామూలు ఏడుపు కాదు, ఎదురుగా కూర్చున్న పూలామె తన గంప పక్కకు జరుపుకునేంత ఏడుపు.

"ఏమ్మా, ఏమాయ?"

"నాకిష్టం లేదు నాయనా."

"ఏమి, చీరా?"

"మామ."

నాయన చంకలోని సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నేనే చెప్పుకుపోయాను. మామ అంటే నాకు ప్రాణమనీ, కానీ మొగుడంటే మనసు ఒప్పుకోవడం లేదనీ, నాకు చదువుకోవాలని ఉందనీ, లా మీద ప్రేమ లేకుండానే చేరాను కానీ ఇప్పుడు నిజంగానే ప్రేమ పుట్టిందనీ. (ఇది కొంతవరకే నిజం. కానీ ఆ తర్వాత పూర్తిగా నిజమైంది కాబట్టి ముందస్తుగా చెప్పానని అనుకోవచ్చు.) రెండు స్టేషన్లు దాటాక నాయన అడిగాడు. "ఈ మాట ముందే ఏంటికి చెప్పలేదు?"

"ఎవురూ అడగలేదు."

పెనుకొండ వచ్చింది. నాయన ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, "దిగు" అన్నాడు.

మేము పోయేసరికి అవ్వ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది. బోరు మామ పైపుతో లారీ కడుగుతున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నాయన చెప్పులు విడవకుండానే, "అక్కా, పెండ్లి చెల్లుతాదంట. సారు చెప్పినాడు" అన్నాడు.

"అది నాకు తెల్దా? దానికి రైలెక్కి పోవల్నా?" అంది అవ్వ.

"చెల్లుతాది గానీ, పాపకు ఇష్టం లేదంట."

నేను భూమిలోకి కుంగిపోతానేమో అనుకున్నాను. "ఇష్టం లేదా? నా కొడుక్కి ఏమి తక్కువ? సొంత బండి ఉండాది, నల్లమాడ కాణ్ణుంచి మడకశిర దాకా ఎవురి చేన్లో నీళ్లు పడినా వాని చేతి మీదనే గదా" అని అవ్వ అందుకుంది. మామ పైపు కింద పడేసి తడి చేతులతోనే వచ్చాడు. "మా, నువ్వు సుమ్మనుండు" అని, నా ఎదురుగా నిలబడ్డాడు. "నిజమేనా?" అన్నాడు. తలూపాను. "నోటితో చెప్పు" అన్నాడు.

"ఇష్టం లేదు మామా."

పైపులో నీళ్లు వాకిలంతా పారుతున్నాయి. మామ ఆ నీళ్లలోనే నిలబడి అన్నాడు. "ఇంతే గదా. ఈ మాట నా చెవిలో ఒక్కసారి చెప్పింటే నేనే వద్దనేవాణ్ని గదే. దానికి గవర్నమెంటును ఏంటికి పిలుచుకొస్తివి? అంగట్లో అందరి ముందర నన్ను దొంగను చేస్తివి." నేను వెక్కుతూ, "మరి నీకిష్టమేనా మామా?" అని అడిగాను. ఆయన తువ్వాలు తీసి, ముందు నా మొహం తుడవబోయి, ఎందుకో ఆగి, నా చేతికే ఇచ్చాడు. "నన్ను మాత్రం ఎవురడిగినారు? మా అమ్మ బోరు బండి కొనుక్కోమనె, కొంటి. నిన్ను చేసుకోమనె, సరే అంటి" అన్నాడు.

అవ్వకు ఇదంతా అంతుబట్టలేదు. "ఇదేమబ్బా కొత్తగా, ఇష్టం ఇష్టం అని! మీ అమ్మను ఎవురడిగినారు? నన్ను ఎవురడిగినారు? మేము కాపురాలు చేయలేదా?" అంది. వాదించాలని నాకు లేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది. "అడిగింటే ఏం చెప్పేదానివి అవ్వా?" అన్నాను.

అవ్వ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆ మసక కళ్లతో నన్నూ, నాయననూ, పారుతున్న నీళ్లనూ చూసింది. "ఏమో మే" అంది చాలాసేపటికి. "ఎవురూ అడగల్యా. అందుకే యోచన చేయల్యా." మళ్లీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. మేము బయలుదేరుతుంటే, తలెత్తకుండానే, "వద్దంటే వద్దులే. ఆపరేషన్‌కు మాత్రం నువ్వే నన్ను పిలుచుకోని పోవల్ల" అంది. నేను మళ్లీ ఏడ్చాను. ఆ రోజు నా కళ్లకు పనే అది. స్టేషన్‌కు మామే దింపాడు, బోరు లారీలో. దిగేటప్పుడు "రేపు అమరాపురంలో బోరు. నీళ్లు పడితే ఫోన్ చేస్తా" అన్నాడు. పడ్డాయి, చేశాడు.

ఇంటికొచ్చాక నాయన వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. "చెల్లుతాదంట" అన్నాడు. "సారు బోర్డు మీద గీసి మరీ చెప్పినాడు." అమ్మ లేచి ఎసరు పెట్టింది. ఎప్పటి నాయనైతే అక్కడితో పీట వాల్చుకుని కూర్చునేవాడే. ఆయన కూర్చోలేదు. పొయ్యి వైపు చూస్తూ, గోడకు ఆనుకుని, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు అడిగాడు. "నీకిష్టమేనా?"

"ఏంది?"

"అదే, నన్ను చేసుకునేది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఇంకేమైనా చేసిందో పొగలో నాకు సరిగా కనిపించలేదు. "ఇప్పుడా అడిగేది? ఉండు, యోచన చేసి చెప్తా" అంది.

ఇప్పుడు నేను పెనుకొండలో లాయర్ని. నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా సంసారాల గొడవలే. పిల్లలు ఫోన్లో సగం చదివిన సెక్షన్లు పట్టుకుని వస్తారు. మొత్తం చదువుకుని రండి నాయనా అని చెప్పబోయి, ధర్మవరం అంగట్లో భుజాన పట్టుచీరతో నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి ఊరుకుంటాను. ఎంత పొగరో దానికి, ఎంత భయమో. 'ఇష్టం లేదు' అనే రెండు ముక్కలు నోట్లోంచి రాక పార్లమెంటునే మోసుకొచ్చింది పాపం. ఇప్పుడెదురైతే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చేతిలో సోడా పెట్టేదాన్ని. బోరు మామ నల్లమాడ వైపు టీచరమ్మను చేసుకున్నాడు. చూపులకు పోయినప్పుడు ఆయనే ముందు అడిగాడట, నీకిష్టమేనా అని. బండి రాత్రిపూట ఇంటి ముందర స్టార్ట్ చేయనంటే ఇష్టమే అందట ఆమె. అవ్వ కొత్త కళ్లతో ఆ పెళ్లి చూసి, "మసగ్గా ఉన్నప్పుడే అందరూ బాగుండిరి" అని తేల్చింది.

అమ్మ ఇంకా జవాబు చెప్పలేదు. నాయన నెలకో రెండు నెలలకో ఒకసారి, సంగటి ముద్ద కంచంలో పడ్డాక, మెల్లగా కదిలిస్తాడు. మొన్న ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమాయ నీ యోచన?" అన్నాడు.

"చేస్తాండా మామా" అంది అమ్మ, ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తూ. "అడిగేదానికే నీకు అన్నేండ్లు పట్టె. చెప్పేదానికి నాకు పట్టదా?"